నేల విడిచి సాము

“కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అని మనకొక సామెత ఉంది. ముప్ఫైమూడు సంవత్సరాలు ఉన్నత పాఠశాలల్లో తెలుగు బోధించి, సంధులూ సమాసాలూ ఛందస్సూ తప్ప వేరొకటి ఎరుగని నావంటివాడు జీపుల కింద ఉండే కమాన్‌కట్టలను గూర్చీ, షాక్ అబ్జార్బర్లను గూర్చీ వ్రాయబూనడం చూసి మిత్రులు ఈ సామెతనే గుర్తు చేయవచ్చు. పైగా ‘సస్పెన్షన్’ అనే మాటకు నా ఉద్యోగజీవితంలో నాకు తెలిసిన అర్థం ఒక్కటే. అది ఏ ఉపాధ్యాయునికీ రాకూడదని కోరుకునేవాణ్ణి. అయినా ఈ నాలుగు మాటలూ వ్రాయక తప్పడం లేదు. కారణం మనవి చేస్తాను.

మా మేనల్లుడు విశాఖపట్నంలో ఉద్యోగి. 2020లో వచ్చిన కొత్త రూపపు మహీంద్రా థార్ ఒకటి కొనుక్కున్నాడు. సెలవు దొరికితే చాలు, మిత్రబృందంతో లంబసింగి అనీ, వంజంగి అనీ, మారేడుమిల్లి అనీ కొండదారులు పట్టిపోతాడు. వయస్సులో ఉన్నవాడు, సంపాదించుకుంటున్నవాడు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. మొన్న వేసవిలో ఆ బండి వేసుకొని మా ఇంటికి వచ్చి, భోజనానంతరం వసారాలో కూర్చొని సంబరంగా చెప్పాడు:

“మామయ్యా, దీన్ని నాలుగంగుళాలు లేపిస్తున్నాను. టైర్లు కూడా పెద్దవి వేయిస్తున్నాను. అప్పుడు చూడాలి దీని రాజసం!”

“ఇప్పుడు దీనికి వచ్చిన లోపం ఏమిటిరా?” అని అడిగాను.

“లోపమేమీ లేదు. మా వాళ్ళందరూ లేపించుకున్నారు. వాటి పక్కన నిలబెడితే నా బండి పిల్లబండిలా ఉంటోంది.”

ఆ మాట విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రాజసం అనే మాటను సరిగ్గా అదే సందర్భంలో ఒకప్పుడు నేనే వాడి ఉన్నాను.

1989 నుండి 1997 వరకు నేను పాడేరు ప్రాంతంలో, ఏజెన్సీ పాఠశాలలో పనిచేశాను. ఆ రోజుల్లో అక్కడి మారుమూల ఊళ్ళకు బస్సు అపురూపం. జీపే గతి. సంతరోజు వచ్చిందంటే లోపల పదిహేనుమంది, వెనుక పట్టుకొని వేలాడేవారు నలుగురు, పైన పసుపు బస్తాలూ అడ్డాకుల కట్టలూ, వాటి మీద మళ్ళీ మనుషులు. అటువంటి జీపు ఒకదానిని నా పూర్వవిద్యార్థి నడిపేవాడు. పదవ తరగతి అయ్యాక చదువు మాని స్టీరింగ్ పట్టుకున్నాడు. బరువుకు కమాన్‌కట్టలు చదునై జీపు నేలకు ఆనుతూ ఉందని, ఒక్కొక్క కట్టలో రెండేసి పట్టీలు అదనంగా వేయించాడు. అది చాలక షాకిళ్ళు పొడవువి చేయించి బిగించాడు. జీపు జానెడు లేచింది. ఆనాడు నేను చూసి, “ఏనుగులా ఉందిరా, రాజసం వచ్చింది దీనికి!” అన్నాను. వాడి ముఖం వెలిగిపోయింది. గురువు మెచ్చుకున్నాడని పదిమందికి చెప్పుకున్నాడట.

1996లో ఒక సంతనాటి సాయంకాలం, కొండదారిలో కుడివైపు మలుపు తిరుగుతూ ఉండగా ఆ జీపు ఎడమకు ఒరిగిపోయింది. వేగం ఎక్కువేమీ కాదు. ఎడమవైపు కొండ ఉన్నది కనుక బ్రతికాము. అటు లోయ ఉన్నట్లయితే ఈ వ్యాసం వ్రాసేవాడు ఉండేవాడు కాడు. నాకు మెడఎముక విరిగింది. పైన కూర్చున్న నలుగురిలో ఒకడు మరి లేవలేదు. నడిపిన నా శిష్యుడు కుంటికాలితో మిగిలాడు, మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. బరువు ఎక్కువ అన్నారు, బ్రేకు అన్నారు, కర్మ అన్నారు. అన్నీ కొంత నిజమే కావచ్చు. కాని ఆ జీపు ఎందుకు అంత సులువుగా ఒరిగింది అన్న ప్రశ్న నన్ను వదలలేదు. ఆనాటి నుండి ఏ మెకానిక్కు దొరికినా పక్కన కూర్చొని అడుగుతూ, ఓపికగా చెప్పేవారి వద్ద వింటూ, చేతికి దొరికినవి చదువుతూ వచ్చాను. ఈ విషయంలో నాకున్న అర్హత అంతమాత్రమే. తెలిసినవారు తప్పులు దిద్దితే శిరసావహిస్తాను.

నేను గ్రహించిన మొదటి విషయం ఇది. సస్పెన్షన్ యొక్క ధర్మం బండిని ఎత్తులో నిలపడం కాదు. చక్రాన్ని నేల మీద నిలపడం. గొయ్యి వచ్చినప్పుడు చక్రం అందులోకి దిగాలి, మెరక వచ్చినప్పుడు పైకి జరగాలి. పైనున్న బండి మాత్రం సాధ్యమైనంత నిలకడగా ఉండాలి. నాలుగు చక్రాలూ నేలను అంటిపెట్టుకొని ఉన్నంతసేపే ఇంజను బలం పనికివస్తుంది, బ్రేకు పనికివస్తుంది, స్టీరింగ్ పనికివస్తుంది. గాలిలో తేలిన చక్రం ఎంత ఖరీదైనదైనా నిరుపయోగం. కనుక ఏ మార్పును గూర్చి అయినా అడగవలసిన ప్రశ్న “ఎంత లేస్తుంది?” అన్నది కాదు, “దీనివల్ల చక్రం నేలను మరింత బాగా పట్టుకుంటుందా?” అన్నది. ఈ ఒక్క ప్రశ్నతో సగం మార్పులు జల్లెడలో నుండి జారిపోతాయి.

రెండవ విషయం: అసలు ఏది తగులుతున్నది? గతుకుల దారిలో బండికి తగిలే చోట్లు మూడు. దిబ్బ ఎక్కబోతుంటే ముందు బంపరు, దిగేటప్పుడు వెనుక బంపరు తగలడం ఒకటి. గట్టు దాటేటప్పుడు రెండు ఇరుసుల నడుమ పొట్టభాగం ఆనుకోవడం రెండవది. యాక్సిల్ మధ్యలో కుండలా ఉబ్బి ఉండే హౌసింగ్ రాతికి కొట్టుకోవడం మూడవది. స్ప్రింగులు మార్చి బండిని లేపితే మొదటి రెండింటికీ ఉపశమనం కలుగుతుంది. మూడవదానికి వీసమంత ఉపయోగం లేదు. ఏమంటే యాక్సిల్ ఉండేది స్ప్రింగు కింద. స్ప్రింగు ఎంత పెరిగినా దాని పైనున్నదే లేస్తుంది కాని కిందనున్నది లేవదు. యాక్సిల్‌ను లేపగలిగింది టైరు ఒక్కటే. అదికూడా పెరిగిన వ్యాసంలో సగమే. 31 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే హౌసింగ్ లేచేది ఒక్క అంగుళం. మా మేనల్లుడి థార్‌కు ముందు చక్రాలు దేనికది విడిగా కదిలేవి, వెనుక మాత్రం బిగి యాక్సిల్. అంటే వెనుక హౌసింగ్ విషయంలో వాడు వెచ్చించబోయే సొమ్మంతా వృథా అన్నమాట. ఈ సంగతి చెప్పగానే వాడు తెల్లబోయాడు. బండి మొత్తం లేస్తే అన్నీ లేస్తాయని అనుకున్నాడట. ఇట్లా అనుకునేవారు వాడొక్కడే కాదని నాకు తరువాత తెలిసింది.

ఇక లేపే మార్గాలు. ఇవి అన్నీ ఒకటి కావు. ధరను బట్టి కాక గుణాన్ని బట్టి విడివిడిగా చూడాలి.

అన్నిటికంటె చౌక అయినది స్ప్రింగు పైన దిమ్మ పెట్టడం. దీనిని స్పేసర్ అంటారు. స్ప్రింగు పాతదే, షాక్ అబ్జార్బర్ పాతదే. బండి ఎత్తుగా కనిపిస్తుంది కాని స్ప్రింగు గుణంలో మార్పు ఉండదు. షాక్ పాతదే కనుక, అది సాగగల దూరంలో కొంత ముందుగానే ఖర్చయిపోతుంది. గొయ్యి వచ్చినప్పుడు చక్రం దిగవలసినంత దిగలేక మధ్యలో ఆగి టక్కుమంటుంది. 2010లో వచ్చిన మొదటి తరం థార్‌లో ముందువైపు టార్షన్ బార్ ఉండేది. దాని బోల్టు బిగిస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా ముందుభాగం లేచేది. అక్కడా ఇదే నష్టం. పైకి లేచినంత మేర కిందికి దిగే జాగా తగ్గిపోతుంది.

రెండవది బాడీకీ ఛాసిస్‌కూ నడుమ దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే లేపడం. దీనివల్ల పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది కాని ఛాసిస్ ఉన్నచోటనే ఉంటుంది. పొట్ట తగిలేది తగులుతూనే ఉంటుంది. స్టీరింగ్ షాఫ్ట్, గేరు రాడ్లు, పైపులు సాగి బాధపడతాయి.

మూడవది కమాన్‌కట్టల బళ్ళలో మా శిష్యుడు చేసినది: పట్టీలు పెంచడం, షాకిల్ పొడిగించడం. పట్టీ పెంచితే కట్ట బిగుసుకుంటుంది. నిండుబరువు మీద బాగానే ఉన్నట్టు తోస్తుంది. ఖాళీగా నడిపినప్పుడు బండి గంతులు వేస్తుంది, అంటే చక్రం నేలను వదిలేస్తుంది. షాకిల్ పొడిగిస్తే లేచేది పొడిగింపులో సుమారు సగం. దానికి ప్రతిఫలంగా యాక్సిల్ కొద్దిగా తిరిగి, ముందు చక్రాల కాస్టర్ కోణం చెడుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రావడానికి కారణం ఆ కోణమే. అది చెడితే బండి దారిలో ఊగిసలాడుతుంది.

నాలుగవది పాత జీపులకూ మారుతి జిప్సీలకూ చేసేది. వాటిలో కమాన్‌కట్ట యాక్సిల్ కిందుగా ఉంటుంది. దానిని యాక్సిల్ పైకి మార్చి బిగిస్తే ఒక్కసారిగా నాలుగైదు అంగుళాలు లేస్తుంది. కట్ట మెత్తదనం పోదు కనుక చక్రం బాగానే కదులుతుంది. పోటీలకు వెళ్ళే అనుభవజ్ఞులు దీనిని ఇష్టపడడంలో అర్థం ఉంది. కాని స్టీరింగ్ రాడ్లు పూర్తిగా మార్చాలి, బ్రేకు హోసులు పొడిగించాలి, గట్టిగా ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు యాక్సిల్ మెలిపడకుండా అదనపు ఊతం కట్టాలి. వెల్డింగు చేసే చేతిని బట్టి ప్రాణం ఉంటుంది. సగం తెలిసినవాడు చేయదగిన పని కాదు.

అయిదవది, నా మట్టుకు శాస్త్రబద్ధమనిపించేది: మోయబోయే బరువును లెక్కించి, దానికి తగిన బిగువు గల స్ప్రింగులను, వాటి పొడవుకు తగిన షాక్ అబ్జార్బర్లను జతగా మార్చడం. ఇందులో లేచేది మహా అయితే ఒకటిన్నర, రెండు అంగుళాలు. ఖర్చు ఎక్కువ, చూపుకు ఆర్భాటం తక్కువ. అందుకే కాబోలు, దీనిని ఎంచుకునేవారు తక్కువ.

సంధిపాఠం చెప్పేటప్పుడు పిల్లలకు ఒక మాట చెప్పేవాణ్ణి. రెండు పదాలు కలిసేచోట ఒక అక్షరం మారితే ఆ మార్పు అక్కడితో ఆగదు. పక్క అక్షరాన్ని కూడా కదిలిస్తుంది. పద్యంలో ఒక గణం మార్చితే యతిస్థానం తప్పుతుంది, యతి సవరించబోతే అర్థం తప్పుతుంది. యంత్రంలో కూడా కీళ్ళను సంధులనే అనాలి. బండి పైకి లేచినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు పెరుగుతుంది, దాని కీళ్ళు అదురుతాయి, అరుగుతాయి. విడివిడిగా కదిలే ముందుచక్రాల బండిలో సుమారు రెండంగుళాలు దాటితే చక్రానికి శక్తినిచ్చే షాఫ్టు కీళ్ళు మితిమీరి వంగి, వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. అందులో నుండి గ్రీజు పోయి బురద చేరుతుంది. కాయిల్ స్ప్రింగుల మీద బిగి యాక్సిల్ ఉన్న జిమ్నీ వంటి బళ్ళలో, యాక్సిల్‌ను అడ్డంగా పట్టి ఉంచే ప్యాన్‌హార్డ్ రాడ్ వాలు మారి, యాక్సిల్ మొత్తం ఒక పక్కకు జరుగుతుంది. బ్రేకు హోసు పొడవు చాలకపోతే చక్రం కిందికి దిగినప్పుడు తెగుతుంది. తెగేది ఎక్కడో ఊహించనక్కరలేదు. హెడ్‌లైటు ఎదుటివాని కళ్ళలోకి లేస్తుంది. పెద్ద టైరు వేస్తే స్పీడోమీటరు అబద్ధమాడుతుంది. 31 నుండి 33కు మార్చినవాడికి మీటరు 60 చూపితే నిజవేగం 64 దరిదాపుల్లో ఉంటుంది. అదే బ్రేకు ఎక్కువ బరువును, ఎక్కువ వ్యాసాన్ని ఆపవలసివస్తుంది. ఇన్ని సంధికార్యాలు చేయకుండా నాలుగంగుళాల ఎత్తు మాత్రమే పెట్టిన బండి వ్యాకరణం లేని వాక్యం వంటిది. కొంతదూరం అర్థమైనట్లే ఉంటుంది. చిక్కు వచ్చినప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు ఒరగడం సంగతి. ఇది హైస్కూలు లెక్క. మా గణిత ఉపాధ్యాయమిత్రుడు ఒకరు కాగితం మీద వేసి చూపించారు. ఒక బండి ఎడమ కుడి చక్రాల నడుమ దూరం 1500 మిల్లీమీటర్లనీ, గురుత్వకేంద్రం నేలకు 700 మిల్లీమీటర్ల ఎత్తున ఉందనీ అనుకుందాం. చక్రాల దూరంలో సగం 750. దానిని 700తో భాగిస్తే 1.07. ఈ బండి స్ప్రింగులు కదలకుండా ఉన్నాయనుకుంటే సుమారు 47 డిగ్రీల పక్కవాలు వరకు ఒరగకుండా నిలుస్తుంది. దీనిని నాలుగంగుళాలు, అంటే సుమారు 100 మిల్లీమీటర్లు లేపారనుకోండి. చక్రాలూ యాక్సిళ్ళూ కిందనే ఉంటాయి కనుక గురుత్వకేంద్రం ఒక 80 మిల్లీమీటర్లు లేచి 780 అవుతుంది. 750ని 780తో భాగిస్తే 0.96. వాలు 44 డిగ్రీలకు దిగింది. మలుపులో పక్కకు తోసే బలాన్ని తట్టుకునే శక్తి పదింట ఒక వంతు పోయింది. ఇది కాగితం మీది లెక్క. నిజంలో బండి మలుపులో తాను కూడా ఒరుగుతుంది కనుక ఆ హద్దు ఇంకా ముందే వస్తుంది. పైన క్యారియరు, దాని మీద గుడారం, డబ్బాలు, స్పేర్ టైరు పెడితే ఇంకొంత పోతుంది. మా జీపు పైన బస్తాలున్నాయి, బస్తాల మీద మనుషులున్నారు. ఆ సాయంకాలం ఆ మలుపు వద్ద మాకు మిగిలిన వంతు ఎంతో ఎవరూ లెక్క వేయలేదు.

ఇక చట్టం మాట. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేట్టు యజమాని వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుండి వచ్చిన వ్యాజ్యంలో 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం ఈ సెక్షనును నిక్కచ్చిగా వ్యాఖ్యానించి, అటువంటి మార్పులు చెల్లవన్నది. అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టం 182ఎ సెక్షను ద్వారా, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చునన్నది. “పట్టుకుంటే కదా మామయ్యా!” అన్నాడు మా వాడు. పట్టుకునేది రోడ్డు మీది అధికారి ఒక్కడే అయితే ఆ మాట కొంతదూరం చెల్లును. ప్రమాదం జరిగాక బీమా సంస్థవారి సర్వేయరు బండి కిందికి వంగి చూస్తాడు. అప్పుడు దెబ్బతిన్న ఎదుటివాని కుటుంబానికి ఏమని సమాధానం చెబుతావు అని అడిగాను. దానికి వాని వద్ద జవాబు లేదు.

ఎదుటి పక్షంవారి వాదంలో న్యాయమున్న భాగాన్ని కూడా చెప్పడం ధర్మం. “కంపెనీవాడు అన్నిచోట్లకూ సరిపోయేట్టు సరాసరిన చేస్తాడు, మా దారులు సరాసరివి కావు. గట్టు దాటేటప్పుడు పొట్ట ఆనుకుంటే దిగి తవ్వుకునేది మేము, నీవు కాదు” అని వారంటారు. నిజమే. రాళ్ళగుట్టల మీద పోటీలకు బండి కట్టుకొని, దానిని లారీ మీద తీసుకొనిపోయి, తమ ప్రాంగణంలోనే నడుపుకునేవారికి నా వాదం వర్తించదు. వారు ఒరిగితే తామే ఒరుగుతారు, దానికి తగిన ఇనుప పంజరాన్ని కూడా కట్టుకుంటారు. మరొక మాట కూడా ఒప్పుకోవాలి. ఎత్తు నిజంగా అవసరమైన చోట్లు ఉన్నాయి. దారి లేక రోగిని డోలీలో మోసుకొనివచ్చే కొండ ఊళ్ళను నేను ఎనిమిదేళ్ళు చూశాను. అక్కడికి వెళ్ళగలిగిన బండి ప్రతి అంగుళానికీ విలువ ఉంది. కాని ఆ బళ్ళు నడిపేవారు ఎత్తును అలంకారంగా చూడరు. మా మేనల్లుడు నెలకు ఇరవై ఆరు రోజులు తిరిగేది బీచ్ రోడ్డు మీద, ఆఫీసుకు. మిగిలిన నాలుగు రోజుల కోసం ఇరవై ఆరు రోజుల భద్రతను తాకట్టు పెట్టడం ఏ లెక్కన లాభం? పైగా ఆ నాలుగు రోజులలోనూ పక్కన కూర్చునేది వాడి భార్య, వెనుక కూర్చునేది అయిదేళ్ళ పిల్ల.

మరి ఏమి చేయాలి అంటే, నా అల్పబుద్ధికి తోచిన క్రమం ఇది. మొదట ఉన్న బండిని ఉన్నట్లుగా ఒక సంవత్సరం నడపండి. ఆ థార్‌కు నేలకూ బండికీ నడుమ 226 మిల్లీమీటర్ల జాగా కంపెనీవారే ఇచ్చారు. 650 మిల్లీమీటర్ల నీటిలో పోగలదని చెప్పారు. దానిని పూర్తిగా వాడుకున్నవారు ఎందరు? ఎక్కడ తగిలిందో కిందికి వంగి గీతలు చూడండి; ఆ గీతలే మీకు సలహాదారులు. పొట్ట మీద గీతలుంటే అడుగున మందపాటి రక్షణ పలక చాలవచ్చు. చక్రం జారితే లోపం ఎత్తుది కాదు, టైరుది. కంపెనీ ఒప్పుకున్న కొలతలోనే గట్టి అచ్చుగల టైర్లు వేయించండి. ఇసుకలో, బురదలో టైరు గాలి 18–20 పౌండ్లకు దించితే పట్టు ఎంత పెరుగుతుందో చూసి ఆశ్చర్యపోతారు. తారురోడ్డు ఎక్కకముందే మళ్ళీ నింపడం మాత్రం మరువకండి. దీనికి పట్టే ఖర్చు ఒక చిన్న గాలిపంపు.

అప్పటికీ సస్పెన్షన్ మార్చక తప్పదనిపిస్తే, ప్రయాణానికి వెళ్ళే సామానంతా ఎక్కించి, మనుషులు కూర్చొని, లారీలు తూచే కాటా మీదికి పోండి. ముందు చక్రాల బరువు వేరు, వెనుక చక్రాల బరువు వేరు తూయించండి. ఆ రెండు అంకెలు చేతిలో లేకుండా స్ప్రింగు ఎంచుకోవడం, ఛందస్సు తెలియకుండా పద్యానికి గణాలు పంచడం వంటిది. ఆ బరువుకు తగిన స్ప్రింగు, ఆ స్ప్రింగుకు తగిన షాక్. ఒకటి మార్చి రెండవది వదలకూడదు. ముందుగా రవాణా కార్యాలయంలో విచారించి, వారు కాదంటే మానుకోండి. చేయించిన పక్షంలో చక్రాల అలైన్‌మెంటు తీయించి, అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టునూ మరలా బిగింపించండి. అమ్మేవాడు “ఎన్ని అంగుళాలు?” అని మాత్రమే అడిగి, “ఎంత బరువు?” అని అడగకపోతే, నమస్కారం పెట్టి వెనుకకు రండి.

ఇదంతా చెప్పి, చివరకు 1996 నాటి సంగతి కూడా మా వాడికి చెప్పాను. ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మెడఎముక విరిగిన సంగతి మాత్రమే వారికి తెలుసు, నేను ఆ జీపును పొగిడిన సంగతి తెలియదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత “ఆ డ్రైవరు ఇప్పుడెక్కడ ఉన్నాడు?” అని అడిగాడు. ఊరిలో చిన్న కిరాణా దుకాణం నడుపుకుంటున్నాడని చెప్పాను. దసరాకు ఫోను చేస్తాడు. “బాగున్నారా మాస్టారూ?” అంటాడు. ఆ జీపు మాట అతడూ ఎత్తడు, నేనూ ఎత్తను.

మేనల్లుడు వర్క్‌షాపుకు ఇచ్చిన బయానా వదులుకున్నాడు. కాటాకు వెళ్ళి తూయించాడు. పైన క్యారియరు మీద పెట్టే సామాను ఎంత బరువో తెలిసి సగం దింపేశాడు. టైర్లు మార్చాడు, కొలత మార్చలేదు. మొన్న వానల తరువాత వంజంగి వెళ్ళి వచ్చి, “లేపించుకున్నవాళ్ళు వెళ్ళినచోటికి నేనూ వెళ్ళాను మామయ్యా” అన్నాడు. వెళ్ళినా వెళ్ళకపోయినా, క్షేమంగా తిరిగివచ్చాడు. నాకు కావలసింది అదే.

మన భాషలో ‘నేల విడిచి సాము’ అనే నుడికారం ఊరికే పుట్టలేదు. సాముగరిడీలు తెలిసిన పెద్దలు దానిని అనుభవంతో అన్నారు. పాదం నేల మీద నిలిచినవాడికే కర్ర తిప్పే అధికారం. కొండదారి పట్టే కుర్రవాళ్ళు, వాళ్ళను చూసి మురిసిపోయే నావంటి పెద్దలు కూడా దానిని ఒకసారి తలచుకుంటే చాలు. ముఖ్యంగా పెద్దలు. పిల్లలు ఎత్తుకు ఆశపడేది చాలావరకు మన మెప్పు కోసమే. మెచ్చుకునే ముందు ఒకసారి బండి కిందికి వంగి చూద్దాం.

స్వస్తి.